దిక్కుల జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను ప్రబంధములలోని యేదైన నొక ఘట్టమునుగూర్చి ప్రసంగింపుమని కోరిరి. అది నాకును ప్రియమైన పనియే. కాని యొప్పుకొనుటకు ముందు, పుస్తకములిచ్చు పట్టీ నొకమారు తిరుగవేసి చూచితిని. లెక్కలు వ్రాయువాని కన్ను అంకెలమీదికే పోవును గదా! పరీక్షల దినములలో ఎక్కువ చేతులు మారిన పుస్తకము మనుచరిత్రము కాదు, వసుచరిత్రము కాదు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రము. ఆ పుస్తకమును తెప్పించి చూచితిని. మొదటి పుటలు నలిగి, మూలలు మడిగి, వ్రేళ్ళ చమురు పట్టియున్నవి. సదిశలను ప్రకరణము దాటిన పిదప పుటలు కొత్త నోట్లవలె పెళపెళలాడుచున్నవి. అనగా మన పిల్లలు అంతవరకు నడచి, అచ్చటనే కూలబడుచున్నారన్నమాట.

సైన్సు చదువబోయి మధ్యలో మానుకొని యింటికి వచ్చినవారిని ఈ యూరిలోనే కొందరిని నేనెరుగుదును. ఏమి నాయనా యని యడిగినచో "లెక్కలు రావు మామయ్యా" యందురు. ఈ మాట నాకు నమ్మబుద్ధి కాదు. కళ్ళములో ధాన్యపు బస్తాలు, వడ్డీలు, కూలీలు, కౌలు గింజలు నోటితో లెక్కించువారి బిడ్డలకు లెక్కలు రాకపోవుటేమి? తమకు వచ్చిన లెక్కయే ఆ ప్రకరణములో వేరు వేషము వేసికొని కూర్చున్నదని వారికి చెప్పినవారు లేరు. ఆ వేషము తీసి చూపుటకే ప్రబంధమును మరియొక దినమునకు వాయిదా వేసితిని. పండితులు క్షమింతురుగాక.

మొదట స్థానభ్రంశము అను మాట చూతము. పేరు గంభీరముగా నున్నది గాని యర్థము సులభము. బయలుదేరిన చోటినుండి చేరిన చోటికి తిన్నగా గీచిన గీతయే స్థానభ్రంశము. దానికి పొడవు గలదు, దిక్కు గలదు, రెండును చెప్పవలెను. నడచిన దూరము వేరు, స్థానభ్రంశము వేరు. గానుగెద్దు తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు నడచును. దాని కాళ్ళు కొన్ని క్రోసుల దూరము పోయినవి; కాని సాయంకాలమున కాడి విప్పిన చోటు, ఉదయమున కాడి కట్టిన చోటే. దాని నడక కోసులు, స్థానభ్రంశము సున్న. కేవలము పొడవుతో సరిపడు రాశిని అదిశయనియు, దిక్కు కూడ చెప్పవలసిన రాశిని సదిశయనియు పుస్తకములో వ్రాసినారు. నడచిన దూరము అదిశ, స్థానభ్రంశము సదిశ. బస్తాల సంఖ్య, రూపాయలు, వయస్సు అదిశలు. గాలి వేగము, కాలువ నీటి ఒరవడి, బండిని లాగు ఎద్దు బలము సదిశలు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చుచున్నది? కూడికలో. మన గ్రంథాలయపు గడపనుండి 40 మీటర్లు తూర్పునకు పోయి, అచ్చటనుండి 30 మీటర్లు ఉత్తరమునకు పోయితిమనుకొనుడు. నడచినది 70 మీటర్లు. గడపనుండి తిన్నగా కొలిచినచో 50 మీటర్లే. నలుబదియు ముప్పదియు కలిసి ఏబది యగుటేమి యని బాలుడు గాబరాపడును. ఇది మాయ కాదు. తూర్పు నలుబదిని ఉత్తరపు ముప్పదితో కూడుట, కందులను బియ్యమును ఒకే కుంచముతో కొలిచి ఒకే బస్తాలో పోయుట వంటిది. మొత్తము బస్తా బరువు తెలియవచ్చును గాని లోపల నేమున్నదో చెడిపోవును. భాస్కరాచార్యుడు లీలావతిలో భుజ, కోటి, కర్ణములని చెప్పిన నియమమే యిచ్చట పనిచేయును. నలుబది వర్గము 1,600; ముప్పది వర్గము 900; రెండును కలిపి 2,500; దాని మూలము 50. ఇంతవరకు పిల్లలందరకును వచ్చును. అడ్డముగను నిలువుగను నడచినప్పుడు బాధ లేదు. ఏటవాలుగా నడచినప్పుడే బాధ. ఒకడు తూర్పునకును ఉత్తరమునకును నడుమ ఏదో మూలగా 100 మీటర్లు పోయి, మరల వేరొక మూలగా 80 మీటర్లు పోయినచో, తుద కెక్కడ తేలినాడు? ఈ ప్రశ్నయొద్దనే పుస్తకము మూతపడుచున్నది.

ఇచ్చట మన వృత్తివారి తెలివి యొకటి యక్కరకు వచ్చును. చిట్టాలో జమ యొక ప్రక్క, ఖర్చొక ప్రక్క వ్రాయుదుము. ధాన్యపు పద్దు వేరు, రొక్కపు పద్దు వేరు. సంవత్సరమంతయు ఎన్ని వ్యవహారములు జరిగినను, తుదకు ఏ పద్దు నిల్వ ఆ పద్దులో తేలును. దిక్కులకును ఇదే యేర్పాటు చేసికొందము. రెండు పద్దులు చాలును. ఒకటి తూర్పు పడమరల పద్దు, రెండవది ఉత్తర దక్షిణముల పద్దు. తూర్పు జమ, పడమర ఖర్చు. ఉత్తరము జమ, దక్షిణము ఖర్చు. ఏటవాలు నడక నొక్కొక్కదానిని రెండు భాగములుగా విడగొట్టి, తూర్పు భాగమును మొదటి పద్దులోను, ఉత్తరపు భాగమును రెండవ పద్దులోను వ్రాయుడు. అన్ని నడకలును ముగిసిన పిదప రెండు పద్దులకును నిల్వలు తీయుడు. ఆ రెండు నిల్వలును భుజయు కోటియు నగును. కర్ణము తీసినచో సమాధానము వచ్చును. ఇట్లు విడగొట్టిన భాగములనే పుస్తకములో సదిశ యొక్క అంశములందురు, కొందరు ఘటకములందురు. ప్రకరణమంతయు ఇంతే.

నేను లెక్కలవాడను గనుక లెక్కల మాటలు తెచ్చి శాస్త్రముమీద రుద్దుచున్నానని యనుకొనకుడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున కూడిక తీసివేత రాశులకు నియమములు చెప్పినప్పుడు వాడిన మాటలు ధనము, ఋణము అనునవే. ఉన్న సొమ్ము ధనము, తీర్చవలసినది ఋణము. నేటికిని తెలుగు గణిత పుస్తకములలో ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అనియే వ్రాయుచున్నారు. ఆ మాటలు షాహుకారు చిట్టాలోనివి.

ఏటవాలు నడకను రెండుగా విడగొట్టుట యెట్లు? నీడను తలచుకొనుడు. ఒక నిచ్చెనను నేలకు ఏటవాలుగా గోడకు చేర్చితిమి. సూర్యుడు సరిగా నడినెత్తిన నున్నప్పుడు నేలమీద పడు నీడ యెంతయో, అంత నిచ్చెన యొక్క అడ్డపు భాగము. గోడమీద అది అందుకొన్న ఎత్తెంతయో, అంత నిలువు భాగము. నిచ్చెనను మరింత నిటారుగా నెత్తినచో నేల నీడ తరుగును, గోడ ఎత్తు పెరుగును. నిట్టనిలువుగా నిలిపినచో నేలమీద నీడయే లేదు. అందుచేతనే ఉత్తరముగా నడచినవానికి తూర్పు పద్దులో ఒక్క మీటరు కూడ జమ పడదు. రెండు పద్దులను సరిగా లంబముగా నుంచినందున కలిగిన మేలిది. తూర్పును ఈశాన్యమును పద్దులుగా పెట్టుకొన్నచో ఒకదాని నీడ మరియొకదానిమీద పడి, ఆ పద్దులోని సొమ్ము ఈ పద్దులోనికి జారును. అప్పుడు భుజ కోటి కర్ణముల నియమము చెల్లదు.

ఇంత కోణమునకు నీడ యెంత యను పట్టికను 499లో ఆర్యభటుడు మన కిచ్చియున్నాడు. వృత్తపు పరిధిని 21,600 కళలుగా చేసి, దానికి తగిన వ్యాసార్ధమును 3,438గా గ్రహించి, మూడు ముప్పాతిక డిగ్రీల కొకటి చొప్పున ఇరువదినాలుగు జ్యాలను పొందు అంకెలను ఒక్క శ్లోకములో నిమిడ్చినాడు. ఆ అంకెలను వరుసగా కూడినచో 30 డిగ్రీలకు జ్య 1,719 వచ్చును. అది సరిగా 3,438లో సగము. 60 డిగ్రీలకు 2,978 వచ్చును. 30 డిగ్రీలకు కోటిజ్య యన్నను అదియే. ఇంగ్లీషు పుస్తకములలోని సైను అను మాట కూడ మన జ్యయే. సంస్కృతమున జ్యకు జీవ యని మారుపేరు. అరబ్బులు దానిని జీబ యని వ్రాసికొనిరి. వారి లిపిలో అచ్చులు వ్రాయరు గనుక తరువాతివారు జైబు అని చదివిరి. జైబు అనగా వారి భాషలో వస్త్రపు మడత, ఒడి. పండ్రెండవ శతాబ్దిలో లాటిను లోనికి మార్చినవారు ఆ యర్థమే పట్టుకొని సైనస్ అనిరి. మన ఇంటి బిడ్డ దేశాంతరము పోయి దొరసాని వేషముతో తిరిగివచ్చినది. తల్లి గుర్తుపట్టక భయపడుచున్నది!

ఇప్పుడొక లెక్క. తూర్పునుండి ఉత్తరము వైపునకు 30 డిగ్రీలు తిరిగిన దిశగా 100 మీటర్లు నడచితిమి. తూర్పు భాగము: 100ని 2,978తో హెచ్చించి 3,438తో భాగింపగా 86.6 మీటర్లు. ఉత్తర భాగము: 100ని 1,719తో హెచ్చించి 3,438తో భాగింపగా 50 మీటర్లు. సరిచూచుకొనుడు. 86.6 వర్గము ఇంచుమించు 7,500; 50 వర్గము 2,500; మొత్తము 10,000; మూలము 100. పోయిన సొమ్ము లేదు, వచ్చిన సొమ్ము లేదు. అంశములుగా విడగొట్టుట అనగా నూరు రూపాయల నోటును మార్చి చిల్లర తెచ్చికొనుట వంటిదని కొందరందురు. నాకా ఉపమానము నచ్చదు. చిల్లర కూడినచో నూరే రావలెను, ఇచ్చట 86.6ను 50ని ఊరక కూడినచో 136.6 వచ్చును. ఉపమానములకు హద్దుండవలెను.

పిల్లలు తరచుగా జారిపడు మెట్టొకటి యున్నది. కోటిజ్య తూర్పునకు, జ్య ఉత్తరమునకు అని వారు మంత్రమువలె వల్లించెదరు. అది తూర్పు గీతనుండి కోణము కొలిచినప్పుడు మాత్రమే నిజము. భౌతికశాస్త్ర పుస్తకములు సామాన్యముగా తూర్పునుండి, గడియారపు ముల్లుకు ఎదురుగా కొలుచును. సర్వేవారు ఉత్తరమునుండి, గడియారపు ముల్లు తిరిగిన వైపునకు కొలుతురు. వారి లెక్కలో ఉత్తరమునకు కోటిజ్య, తూర్పునకు జ్య. కాబట్టి దిక్కు పేరునుబట్టి కాదు, కోణమును కొలువ నారంభించిన గీతనుబట్టి చూడవలెను. కోణము నానుకొని యున్న భుజమునకు కోటిజ్య, ఎదురుగా నున్నదానికి జ్య. ఈ యొక్కటి తారుమారైనచో తక్కిన కూడికలన్నియు ఎంత శుద్ధముగా చేసినను మనుష్యుడు పొరుగూరిలో తేలును.

ఈ విద్య మన పొలములలో నున్నదని చెప్పితిని. ప్రతి సర్వే నంబరునకును ఒక పటపు కాగితము గలదు. ఆంధ్ర ప్రాంతమున దానిని ఎఫ్.ఎం.బి. యందురు, తెలంగాణమున టిప్పన్ అందురు. ఎఫ్.ఎం.బి.ని తెరచి చూడుడు. పొలమునకు అడ్డముగా ఒక మూలనుండి మరియొక మూలకు కర్ణరేఖ గీచియుండును. ఆ రేఖమీద ఇంత దూరము పోయి, అచ్చటనుండి లంబముగా కుడికి గాని ఎడమకు గాని ఇంత దూరము పోయినచో ఈ మూల రాయి దొరకునని అంకెలు వేసియుండును. అనగా ప్రతి రాతికిని రెండే అంకెలు: రేఖ వెంట ఎంత, ప్రక్కకు ఎంత. ఇవి అంశములు కాక మరేమి? క్రాస్ స్టాఫు అను చిన్న సాధనముతో లంబము పట్టి, 66 అడుగుల గొలుసుతో కొలిచి, ఆ కాలపు సర్వేయర్లు ఎండలో నిలిచి ఇన్ని గ్రామములను రెండేసి అంకెలలో దించినారు. మన తాతలు సంతకములు చేసి పుచ్చుకొన్న ఆ కాగితములలో సదిశల ప్రకరణ మంతయు నున్నది.

ఇందులకు తార్కాణముగా మన యూరి చెరువు క్రింది రాతి తగవు చెప్పెదను. ఇరువురు రైతుల నడిమి గట్టు మూలనున్న సర్వేరాయి కనబడకుండ పోయినది. రాయి యిచ్చటనని యొకరు, అచ్చటనని మరియొకరు; ఆ రెండు చోట్లకును నడుమ 6 మీటర్లు. గట్టు పొడవు 90 మీటర్లు. రెండవ కొన రాయి భద్రముగానే యున్నది గనుక తగవు పడిన నేల త్రికోణమగును: 90ని 6తో హెచ్చించి సగము చేయగా 270 చదరపు మీటర్లు, అనగా ఆరున్నర సెంట్లకు కొంచెము పైమాట. ఆరున్నర సెంట్లకొరకు రెండు కుటుంబములు మూడేండ్లు మాటలాడుకొనలేదు. ఒక పెండ్లికి ఒకరు పోలేదు, ఒక చావునకు మరియొకరు రాలేదు. వకీళ్ళకిచ్చినది ఆ నేల వెలకు తక్కువ కాదు.

పాత కొలతల ప్రకారము ఆ రాయి, మూడు గ్రామముల పొలిమేరలు కలియు రాతినుండి 1,491 లింకుల దూరమున నున్నది. గొలుసుకు నూరు లింకులు. ఇప్పటి కొలతలో అది సుమారు 300 మీటర్లు. దిశ తూర్పునుండి ఉత్తరమునకు 30 డిగ్రీలు. పొలిమేర రాయి చెక్కు చెదరలేదు. కాని ఆ రెండు రాళ్ళకును నడుమ చెరువు నిండుగా నున్నది. టేపు పట్టుటకు వీలులేదు. ఒక రైతు తానే గట్టు వెంట తాడుతో కొలుచుకొని వచ్చి నాతో ననెను: "కరణంగారూ, కాగితంలో మూడొందలని ఉంది. గట్టు చివరికే మూడొందల ఇరవై వచ్చింది. రాయి ఇంకా అవతల ఉందంటారు. కాగితమన్నా తప్పై ఉండాలి, మీరన్నా తప్పై ఉండాలి." (1984లో కరణముల పదవి పోయినను పల్లెలో ఆ పిలుపు పోలేదు. నేను గ్రామపు లెక్కలు వ్రాయుచున్నంతకాలము పోవునట్లును లేదు.) పాపము, ఆయన కొలత తప్పు కాదు. ఆయన తెచ్చినది నడచిన దూరము. కాగితములో నున్నది స్థానభ్రంశము. గానుగెద్దు కథయే.

సర్వేయరుగారును నేనును రెండు పద్దులు పెట్టుకొంటిమి. పొలిమేర రాతినుండి చెరువుగట్టు మొదట సరిగా ఉత్తరమునకు 120 మీటర్లు పోవును. తూర్పు పద్దులో సున్న, ఉత్తరపు పద్దులో 120 జమ. అచ్చట గట్టు మలుపు తిరిగి, తూర్పునుండి ఉత్తరమునకు 30 డిగ్రీల దిశగా 200 మీటర్లు పోవును. తూర్పు 173.2 జమ, ఉత్తరము 100 జమ. గట్టు చివర నిలువబడునప్పటికి నిల్వలు: తూర్పు 173.2, ఉత్తరము 220. ఇక రాతి కుండవలసిన నిల్వలు ఎంత? 300 మీటర్లను అదే తీరున విడగొట్టగా తూర్పు 259.8, ఉత్తరము 150. తేడా తీయుడు. తూర్పున ఇంకను 86.6 మీటర్లు రావలసియున్నది. ఉత్తరమున 70 మీటర్లు ఎక్కువ వచ్చితిమి గనుక దక్షిణముగా 70 మీటర్లు తిరిగి పోవలెను. తిన్నగా పోదలచినచో కర్ణము సుమారు 111 మీటర్లు, తూర్పునుండి దక్షిణమునకు ఇంచుమించు 39 డిగ్రీలు. మాకు కర్ణముతో పని లేకపోయెను. గట్టు చివరనుండి తూర్పునకు 86.6 కొలిచి, క్రాస్ స్టాఫుతో లంబము పట్టి, దక్షిణమునకు 70 కొలిచి, అచ్చట గునపము దింపించితిమి. రెండు గునపపు పోట్లకు రాయి తగులలేదు. కొంచెము వెడల్పుగా త్రవ్వగా, లెక్క చూపిన చోటికి జానెడు దూరములో, అరయడుగు లోతున విరిగిన రాతి మొదలు బయటపడినది. అది ఎవరి పక్షమున తేలినదో చెప్పను. ఇరువురును ఈ సభలో నున్నారు, ఒకే బల్లమీద కూర్చున్నారు.

గట్టు వెంట నడచి రాతికడకు చేరునప్పటికి నడక 431 మీటర్లు; స్థానభ్రంశము 300. రైతు తాడును, ప్రభుత్వపు కాగితమును రెండును నిజమే చెప్పినవి.

పద్దులు పెట్టుటలో మరియొక సుఖము గలదు. పొలము చుట్టు తిరిగి బయలుదేరిన రాతికే వచ్చినచో రెండు పద్దుల నిల్వలును సున్న కావలెను. కానిచో కొలతలో దోషమున్నది. తూర్పున 0.4, ఉత్తరమున 0.3 మీటరు నిల్వ తేలినదనుకొనుడు. మొత్తము ముడిపడని దూరము అర మీటరు. చిట్టా ముడిపడనప్పుడు కొందరు గుమాస్తాలు తేడా నంతయు చివరి పద్దులో ఇరికించి చేతులు దులుపుకొందురు. సర్వేవా రట్లు చేయరు. దోషము చిన్నదైనచో, ప్రతి భుజమునకును దాని పొడవునకు తగిన పాలు పంచుదురు; పెద్దదైనచో మరల కొలుతురు. ఈ పంపకపు నియమమును 1808లో అమెరికా దేశపు నావికా గణితజ్ఞుడు నథేనియల్ బౌడిచ్ చెప్పినాడు. మన చిట్టాలకు కూడ అట్టివాడొకడు పుట్టియుండవలసినది.

స్థానభ్రంశముతోపాటు వేగమును కూడ ఇట్లే విడగొట్టవచ్చును. గోదావరి రేవులో పడవవాని చూడుడు. నది వెడల్పు 800 మీటర్లు, పడవ వేగము గంటకు 4 కిలోమీటర్లు, ప్రవాహపు వేగము గంటకు 3 కిలోమీటర్లు అని లెక్కకొరకు పెట్టుకొందము. పడవ ముక్కును సూటిగా ఆవలి యొడ్డునకు పెట్టినచో దాటుటకు 12 నిమిషములు పట్టును. ఆ 12 నిమిషములలో ప్రవాహము పడవను 600 మీటర్లు దిగువకు నెట్టును. తిన్నగా కొలిచిన స్థానభ్రంశము 1,000 మీటర్లు. ప్రవాహము ఎంత పెరిగినను ఆ 12 నిమిషములు 12 నిమిషములే. దిగువకు పోవు దూరము మాత్రము పెరుగును. ఒక పద్దులోని సొమ్ము రెండవ పద్దు నంటదు. సూటిగా ఎదుటి రేవుననే దిగవలెనన్నచో పడవను ఎగువకు వాల్చి నడపవలెను. నాలుగింటిలో మూడు ప్రవాహమును నిలద్రొక్కుటకు పోగా, దాటుటకు మిగులునది 16లో 9 తీసి మూలము చూడగా గంటకు 2.65 కిలోమీటర్లు, కాలము 18 నిమిషములు. పడవవారు పుస్తకము చదువకయే, మొదట ఒడ్డు వెంట పడవను ఎగువకు లాగికొనిపోయి అచ్చట విడుతురు. ఎగువకు ముందే లాగిన దూరమును ప్రవాహము ఖర్చు వ్రాసికొనును. ఎదుటి రేవు తగులునప్పటికి పద్దు సున్న.

సాహిత్యమును పూర్తిగా విడిచితినని పెద్దలు కినియకుండ ఒక్క మాట. ఉత్పలమాలలో పదవ యక్షరమున యతి కుదురవలెను. ప్రతి పాదమునను రెండవ యక్షరమున ప్రాస కుదురవలెను. యతి యెంత యందముగా కుదిరినను ప్రాస తప్పును మాన్పదు; ప్రాస కుదిరినను యతిభంగమును కప్పదు. రెండు లెక్కలు, రెండు నిల్వలు. ప్రాసయతి యున్నది గదా యని యెవరైన నవ్వుదురేమో, అది సీస గీతాదుల సౌకర్యము, వృత్తములలో చెల్లదు. ఛందస్సు పరికించు బాలునకు సదిశల అంశములు క్రొత్త కారాదు.

ఇది పాతబడిన విద్య యని తలపకుడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే మొదలైనది. గొలుసు పోయినది, క్రాస్ స్టాఫు మూలబడినది. ఉపగ్రహముల సంకేతముల నందుకొను పరికరమును కఱ్ఱకు తగిలించి రాతిమీద నిలుపుచున్నారు. అది తుదకు చెప్పునది రెండంకెలే: ఒక స్థిరమైన చోటినుండి తూర్పున కెంత, ఉత్తరమున కెంత. పరికరము చెప్పిన యంకెను మన రైతు అర్థము చేసికొనలేకపోయినచో, గట్టు వెంట తాడు పట్టిన పెద్దమనిషివలెనే మరల తగవునకు దిగును. అర్థము చేసికొన్న పిల్లవాడు ఇంటికొకడున్న చాలును.

గ్రంథాలయాధికారిగారి యనుమతితో, ఆ భౌతికశాస్త్ర పుస్తకపు వెనుక అట్ట లోపల ఆర్యభటుని ఇరువదినాలుగు జ్యలను తెలుగులో వ్రాసి అంటించితిని. ఆదివారములలో సాయంకాలము నాలుగు గంటలకు పఠనమందిరపు తూర్పు వసారాలో నేనుందును. పలకయో కాగితమో తెచ్చికొన్నవారికి పద్దులు వ్రాసి చూపుదును. ఆడపిల్లలను కూడ పంపుడు. చిట్టాలు శుద్ధముగా వ్రాయుటలో వారు మగపిల్లలకంటె మెరుగని నా యనుభవము.

తుదకొక లెక్క ఇచ్చి కూర్చుందును. ఈ గ్రంథాలయపు గడపనుండి తూర్పునకు 50 మీటర్లు పొండు. అచ్చటనుండి, పడమటినుండి ఉత్తరమునకు 60 డిగ్రీలు తిరిగిన దిశగా 100 మీటర్లు పొండు. రెండు పద్దులు వ్రాసి, పడమర ఖర్చని మరువక, నిల్వలు తీయుడు. ఆ నిల్వలు చూపు చోట ఏమున్నదో ఈ యూరివారందరకును తెలియును. లెక్క వేసినవారు రేపు సూర్యోదయమున అచ్చటికి రండు, నేనక్కడనే యుందును.